గుండీ అన్న మాట

ఆ దుకాణంలో ఆమెను అందరూ కాజాలమ్మ అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, అక్కడే ఉండిపోయింది. కోట్లు కత్తిరించడానికి మాస్టరు ఉన్నాడు, కుట్టడానికి అయిదు మిషన్లున్నాయి, వాటి ముందు అయిదుగురు మనుషులున్నారు. అయినా ఏ కోటూ కాజాలమ్మ చేతికి రాకుండా గడప దాటదు. గుండీ దూరడానికి కాజా కోసి, దాని అంచు చుట్టూ దారంతో కుట్టడం ఆమె పని. మిషను మీద కాజాలు కుట్టే రోజులొచ్చి చాలా కాలమైంది. కోటుకు మాత్రం చేతి కాజాయే ఉండాలని మాస్టరు పంతం. ఆ పంతం పుణ్యమా అని ఆమెకు ఎనిమిదేళ్ళుగా పని ఉంది.

సుద్దతో గీత, గీత మీద చిన్న ఉలి, ఉలి మీద సుత్తితో ఒక్క దెబ్బ. ఆ తరవాత మైనం పట్టించిన దారంతో అంచు పొడుగునా ముడి పక్కన ముడి. చెయ్యి తిరిగినవాళ్ళకు కూడా ఒక్కో కాజాకు పావుగంట పడుతుంది. అసలు సంగతంతా ఆ ఒక్క దెబ్బ దగ్గరే ఉంది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కోసిన గుడ్డను మళ్ళీ కోయని గుడ్డగా చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. అందుకే ఆమె ఉలి పట్టుకున్నప్పుడు ఎవరూ పలకరించరు. మాస్టరుకు దగ్గొస్తే బయటికి పోయి మెట్ల మీద నిలబడి దగ్గి వస్తాడు.

అలాంటప్పుడు పలకరించే ధైర్యం ఒక్క పిట్టకే ఉంది. పిట్ట ఆమె కూతురు. అత్తగారు ఒక బడిలో ఆయా. ఊళ్ళో వాళ్ళ పిల్లల ముక్కులు తుడిచి సాయంత్రానికి గానీ ఇల్లు చేరదు. భర్తది లిఫ్టులు బాగుచేసే పని. ఎప్పుడు ఏ మేడలో వేలాడుతుంటాడో ఆయనకే తెలియదు. అందుకని పిట్ట పుట్టిన ఆరో నెల నుంచీ తల్లితోపాటే దుకాణానికి వస్తోంది. కిటికీ పక్కన కత్తిరింపు ముక్కలు పోసే పెద్ద బుట్ట దాని ఇల్లు, దాని పడక, దాని రాజ్యం.

ఏడాది దాటి మాటలు వచ్చే వేళకు పిట్ట మొదట నేర్చిన మాట గుండీ. నేర్చిందనడం కంటే తయారు చేసుకుందనడం న్యాయం. పాలివ్వడానికి తల్లి ముందు చేసే పని చొక్కా పై గుండీ తీయడం. తీస్తే పాలు వస్తాయి, పెట్టేస్తే పోతాయి. ఏడాది పిల్ల బుర్రకు అంతకన్న ఏం కావాలి? దానికి పాలంటే గుండీ. నిద్రొస్తే గుండీ, దెబ్బ తగిలితే గుండీ, తల్లి ముఖం గంటసేపు కనబడకపోతే గుండీ. దుకాణంలో మొదట్లో ఇది ఎవరికీ అర్థం కాలేదు. పిల్ల గుండీ గుండీ అని ఏడుస్తుంటే అయిదు మిషన్ల వాళ్ళూ పాపమని తలో గుండీ తెచ్చి ఇచ్చారు. పిట్ట వాటన్నిటినీ మాస్టరు బల్ల కిందికి విసిరికొట్టింది. అవి ఏరుకోవడానికి మాస్టరు అరగంట బోర్లా పడుకోవలసి వచ్చింది.

అంతకన్న పెద్ద తమాషా ఆసుపత్రిలో జరిగింది. సూది వేయించుకున్న పిట్ట తల్లి రొమ్ము మీద చెయ్యి వేసి, గుండీ గుండీ అని గుక్కపట్టింది. కొత్తగా వచ్చిన నర్సుకు అది గుండె అని వినబడింది. పిల్లకు గుండెలో ఏదో అవుతోందని ఆవిడ పరుగెత్తుకెళ్ళి డాక్టరమ్మను తెచ్చింది. డాక్టరమ్మ పిల్ల గుండె విని, అనుమానం తీరక తల్లి గుండె కూడా విని, రెండూ భేషుగ్గా ఉన్నాయని చెప్పింది. ఈ కథ చెప్పి కాజాలమ్మ భర్త ఎన్ని లిఫ్టుల్లో ఎంతమందిని నవ్వించాడో లెక్కలేదు.

పాలు తాగేటప్పుడు పిట్ట ఎడమ చెయ్యి ఊరికే ఉండదు. పై గుండీ తీసి ఉంటుంది గనక దాని కింది రెండో గుండీని పట్టుకుని తిప్పుతూ ఉంటుంది, కళ్ళు మూతలు పడేదాకా. దారం మెలికపడి తెగేది. కోట్లకు కుట్టిన గుండీ ఎన్నేళ్ళయినా ఊడదని పేరున్న మనిషి తన చొక్కా రెండో గుండీని వారం వారం కుట్టుకుంటూ ఉండేది. విసుక్కుంటూనే కుట్టుకునేది. ఆ విసుగు ఎంత బాగుండేదో తరవాత గానీ తెలిసి రాలేదు.

పిట్టకు రెండేళ్ళు నిండకముందే కాజాలమ్మకు మళ్ళీ నెల తప్పింది.

ఇక చూడండి. కనబడిన ప్రతి ఆడమనిషీ పాలు మాన్పించావా అని అడగడమే. మిషన్ల వాళ్ళు అడిగారు, కింద మందుల దుకాణం ఆవిడ అడిగింది. అత్తగారైతే చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. కడుపులో ఉన్న బిడ్డ నోటి దగ్గర కూడు ఇది లాక్కు తింటోందని, నలభైమంది పిల్లల్ని చూస్తున్న తనకు తెలియదా అని ఆవిడ వాదన. డాక్టరమ్మ మాత్రం అలాంటిదేమీ లేదంది. నొప్పి గానీ రక్తం కనబడటం గానీ లేనంతవరకూ ఇవ్వొచ్చని, బాగా తిని నీళ్ళు ఎక్కువ తాగమని, పొత్తికడుపు బిగిసినట్టుంటే వెంటనే రమ్మని చెప్పింది. కాజాలమ్మ ఈ మాటను అత్తగారికి ఒకటికి పదిసార్లు వినిపించింది. అత్తగారు పదిసార్లూ పెడచెవిన పెట్టింది.

"నా పిల్లను ఎవరూ మాన్పించరు అత్తయ్యా," అంది ఒకరోజు కాజాలమ్మ. "అది మానిననాడు మానుతుంది."

ఆ మాట వెనక ఒక పిన్నీసు ఉంది. కాజాలమ్మకు ఏడాదిన్నర వయసప్పుడు వాళ్ళమ్మ కడుపులో తమ్ముడున్నాడు. పిల్లను పది రోజులు పిన్ని ఇంటికి పంపించేశారు. తిరిగొచ్చేసరికి అమ్మ జాకెట్టుకు గుండీ లేదు, దాని చోట పెద్ద పిన్నీసు ఉంది. పిల్ల ఆశగా చెయ్యి పెట్టింది, పిన్నీసు గుచ్చుకుంది, చెయ్యి వెనక్కి తీసుకుంది. అంతే, మళ్ళీ అడగలేదు. ఒక్క పిన్నీసుతో పాలు మానేసిన పిల్ల అని పిన్ని నలుగురు కూడిన ప్రతిచోటా చెప్పి నవ్విస్తుంది. కాజాలమ్మ కూడా చిన్నప్పటి నుంచీ అందరితోపాటే నవ్వింది. పిట్ట పుట్టాక మాత్రం ఆ కథకు నవ్వు రావడం మానేసింది. ఒకనాడు ఇల్లంతా గాలించి పిన్నీసులన్నీ ఏరి బయట పారేసింది. భర్త ఎందుకని అడిగితే పిల్ల మింగుతుందని చెప్పింది.

ఇవ్వడం హాయిగా ఉండేదని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. నెల తప్పాక పిట్ట నోరు పెట్టగానే అరికాళ్ళ దాకా జివ్వుమనేది. ఒక్కోసారి పిల్లను అవతలికి తోసెయ్యాలన్నంత చిరాకు పుట్టేది. ఆ చిరాకు పుట్టినందుకు వెంటనే ఏడుపొచ్చేది. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, మనసులో ఒక కాజా మొదలుపెట్టి ముడి పక్కన ముడి వేసుకుంటూ పోయేది. ఒక కాజా పూర్తయ్యేసరికి పిల్ల నిద్రపోయేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే అత్తగారు గెలిచినట్టవుతుంది.

నాలుగో నెల వచ్చేసరికి పాలు తగ్గాయి. పిట్ట ఇటు కాసేపు అటు కాసేపు మారుతూ, రావట్లేదు అని ఫిర్యాదు చేసేది. తరవాత రుచి మారింది. "ఉప్పగుంది," అంది ఒకరోజు, ముఖం చిట్లించి. అయినా వదల్లేదు. కాజాలమ్మకు లోలోపల గర్వంగానే ఉంది. రుచి చెడినా నా పిల్ల నన్ను వదల్లేదు అనుకుంది.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం మిషన్లు ఆగి, అందరూ భోజనాలకు కూర్చున్నారు. కాజాలమ్మ ఎప్పటిలాగే గుడ్డ తానుల వెనక గోడకు ఆనుకుని పై గుండీ తీసింది. పిట్ట ఒళ్ళోకి ఎక్కి, నోరు పెట్టి, రెండు గుటకలు వేసేంత సేపు ఉంది. తల వెనక్కి తీసి తల్లి ముఖంలోకి చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు.

"అయిపోయింది," అంది.

పళ్ళెంలో తిండి అయిపోతే చెప్పే మాట అది. చెప్పి ఒళ్ళోంచి దిగి, మంచినీళ్ళు అడిగి తాగి, బుట్ట దగ్గరికి పోయి ఎర్ర ముక్కలన్నీ ఒకవైపు, నల్ల ముక్కలన్నీ ఒకవైపు పెట్టుకుంటూ కూర్చుంది. కాజాలమ్మ గుండీ పెట్టుకోవడం మరిచిపోయి అలాగే ఉండిపోయింది. పిల్లకు ఆకలి లేదేమో అనుకుంది. సాయంత్రం అడుగుతుందిలే అనుకుంది.

సాయంత్రం అడగలేదు. మర్నాడు అడగలేదు. మూడోరోజు కాజాలమ్మే అడిగింది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. "గుండీ కావాలా తల్లీ?" పిట్ట నోటినిండా అరటిపండుతో తల అడ్డంగా ఊపింది. ఎవరూ చేదు పూయలేదు, ఎవరూ ఊరు పంపలేదు, పిన్నీసు గుచ్చలేదు. అది మానిననాడు మానుతుందని తాను అందరి ముందూ అన్న మాటే నిజమైంది. అన్నది గానీ, ఆ రోజు ఒకటి వస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

అత్తగారు సంబరపడి వారం రోజులు కోడలితో తేనెలూరేలా మాట్లాడింది. అది ఇంకా కష్టంగా ఉంది. తిట్టేవాళ్ళుంటే ఎదురు తిరగొచ్చు. ఓడించినవాళ్ళుంటే వాళ్ళ మీద ఏడవొచ్చు. ఇక్కడ పోట్లాడటానికి మనిషే లేదు. నొప్పి తప్పింది కదా, ఇంకా దిగులెందుకని భర్త అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. ఆమె బట్టలు మడతపెట్టింది.

దిగులు పాల గురించి కాదు. ఆ బరువు కావాలి. ఒళ్ళో అడ్డంగా పడుకుంటే మోచేతి మీద ఆనే ఆ వెచ్చటి తల కావాలి, నుదుటి దగ్గర చెమటపట్టిన జుట్టు వాసన కావాలి. పిట్ట దూరం పోలేదు. మూరెడు దూరంలోనే బుట్టలో ఉంది, పిలిస్తే వస్తుంది, ముద్దడిగితే ఇస్తుంది, వెంటనే పారిపోతుంది. కళ్ళెదుట ఉన్న పిల్ల కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురు చూడటం ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. చొక్కా రెండో గుండీ వారం దాటినా గట్టిగానే ఉంది. రెండు వారాలు దాటాయి, దారం చెక్కుచెదరలేదు. అద్దం ముందు ఆ గుండీని వేలితో తట్టి చూసుకున్న రోజున ఆమెకు ఏడుపు ఆగలేదు. ఆనాటి నుంచి పై గుండీ పెట్టుకోవడం మానేసింది. ఎవరైనా అడిగితే ఉక్కగా ఉందనేది.

అలాంటి రోజుల్లోనే ఆ తప్పు చేసింది. ఒక పెద్ద హోటలు గుమ్మం దగ్గర నిలబడి తలుపులు తీసేవాళ్ళకు పన్నెండు ఎర్ర కోట్లు కుట్టాలి, పెద్ద పెద్ద ఇత్తడి గుండీలతో. తొమ్మిది కోట్లకు కాజాలు అయిపోయాయి. పదోది బల్ల మీద పరిచి, సుద్ద గీసి, ఉలి పెట్టి, నాలుగు దెబ్బలు కొట్టింది. నాలుగో దెబ్బ పడ్డాక చూసుకుంది. మగవాళ్ళ కోటుకు కాజాలు ఎడమ పక్క ఉంటాయి, ఆడవాళ్ళదానికి కుడి పక్క. ఎనిమిదేళ్ళలో ఈ సంగతి ఆమె ఒక్కసారీ ఆలోచించలేదు. ఎప్పుడూ చెయ్యే ఆలోచించుకునేది. ఆ రోజు పొద్దుటి నుంచీ ఆ చెయ్యి ఊరికే తన చొక్కా పై గుండీ కాజా మీదికే పోతోంది. పోయి పోయి ఆ వైపే అలవాటై, హోటలు వాడి కోటు కుడి పక్కన నాలుగు కాజాలు కోసి పెట్టింది.

మాస్టరుకు ముక్కు మీద కోపం. కత్తెర కింద పెట్టి వచ్చాడు. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆయన ఆ నాలుగు కంతల్నీ చూశాడు, ఆమె ముఖం చూశాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు.

"పిల్ల పాలు మానేసింది మాస్టారూ."

మగవాడితో అనవలసిన మాట కాదని నోట్లోంచి వచ్చాక తట్టింది. కానీ భర్తకు చెప్పలేనిది, అత్తగారికి చెప్పకూడనిది, చివరికి అయిదు మిషన్ల ముందు బయటపడింది. మాస్టరు ఆ ఎర్ర గుడ్డను వేళ్ళతో సవరించాడు.

"మావాడు రోడ్డు మీద నా వేలు పట్టుకోవడం ఎప్పుడు మానేశాడో నాకు గుర్తే లేదు," అన్నాడు. "నీకు కనీసం రోజు తెలుసు." కోటును ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. "ఎలాగూ ఆడ కోటు చేసి పెట్టావు. ఆడపిల్లకే కుడదాం."

హోటలు వాడికి మరో కోటు కత్తిరించాడు. చెడిన కోటును మధ్యాహ్నం భోజనం మానుకుని పిట్ట కొలతకు తగ్గించాడు. నాలుగు కాజాల్లో రెండు పనికొచ్చాయి. వాటి అంచులు కాజాలమ్మే కుట్టింది. రెండు ఇత్తడి గుండీలు మెరుస్తుంటే మాస్టరు వాటిని చూపించి బంగారు బిళ్ళలని పిట్టను నమ్మించాడు. ఇక అది ఆ కోటు ఒంటి మీదనుంచి తీయనిస్తే ఒట్టు. నాలిక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, వారం రోజులు కుస్తీ పట్టి బిళ్ళను కాజాలోంచి దూర్చడం నేర్చేసుకుంది. బిళ్ళ పెట్టాను, బిళ్ళ తీశాను అని రోజంతా అదే పాట. గుండీ అన్న మాట మాత్రం ఇంట్లోంచి పోయింది. అత్తగారికి ఆ తేడా తెలియలేదు. కాజాలమ్మ చెవులు మాత్రం ఆ మాట కోసమే వేచి ఉండేవి.

తొమ్మిదో నెలలో కాజాలమ్మ తల్లి పురిటికి సాయం వచ్చింది. అప్పటికి చలి ముదిరింది. వచ్చిన మర్నాడు ఎండలో తీగ పొడుగునా దుప్పట్లు ఆరేస్తూ, గాలికి ఎగిరిపోతున్న దుప్పటికి పెట్టడానికి పిన్నీసు అడిగింది.

"లేదమ్మా. ఇంట్లో ఉంచను."

"ఒక్కటి కూడానా?"

"నాకు పిన్నీసంటే పడదు. నీకు తెలుసుగా ఎందుకో."

తల్లి దుప్పటి కొసను చేత్తోనే పట్టుకుని నిలబడింది. ఆవిడ నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"మీ పిన్ని కథ నమ్మావా నువ్వు?" అంది. "నిన్ను పంపింది పాలు మాన్పించడానికి కాదే. నాకు రక్తం కనబడింది. కదిలితే బిడ్డ దక్కదన్నారు, పది రోజులు మంచం దిగలేదు. పిన్నీసంటావా, నువ్వు పాలు తాగుతూ ఆ గుండీని తిప్పి తిప్పి ఊడగొట్టావు. కుట్టుకునే ఓపిక లేక పిన్నీసు పెట్టుకున్నాను. నువ్వు ఆ రోజే వస్తావని ఎవరూ చెప్పలేదు నాకు."

కాజాలమ్మ చేతిలో తడి దుప్పటి నుంచి నీళ్ళు కారి కాళ్ళ మీద పడుతున్నాయి. ఆమె చూసుకోలేదు.

"గుచ్చుకోగానే తీసి పారేశాను," అంది తల్లి. "మళ్ళీ గుండీ కూడా కుట్టుకోలేదు. నువ్వొచ్చి చెయ్యి పెడితే ఏదీ అడ్డం ఉండకూడదని. నువ్వు రాలేదు. తమ్ముడు పుట్టాక పక్కింటి పిల్ల ఏడ్చినా నా జాకెట్టు తడిసేది. నువ్వు ఎదురుగా కూర్చుని ఆడుకునేదానివి."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఏం చెప్పను? ఆ కథకు నువ్వూ నవ్వేదానివిగా."

ముప్ఫయ్యేళ్ళు తనను తోసేశారనుకున్న మనిషికి, తన కోసం ఒకరు జాకెట్టు తెరుచుకుని కూర్చున్నారని తెలిస్తే ఎలా ఉంటుంది? సంతోషంగా ఉండాలి. కాజాలమ్మకు తల్లి మీద జాలి వేసింది, తన మీదా వేసింది, ఏది ఎవరి మీదో విడదీసుకోలేకపోయింది. "పిట్ట కూడా అడగడం లేదమ్మా," అంది.

"తెలుసులే," అంది తల్లి. "ఇంత చలిలో పై గుండీ తీసుకు తిరుగుతున్నావు. వచ్చిన పూటే చూశాను."

ఒక ఆశ మిగిలి ఉంది. కాన్పయ్యాక పాలు కొత్తగా పడతాయని, మానేసిన పెద్దపిల్లలు కూడా అది చూసి మళ్ళీ అడుగుతారని ఆసుపత్రిలో నర్సు చెప్పింది. అదే నర్సు, గుండీని గుండె చేసినావిడ. ఆవిడ చెవులు ఎలాంటివైనా ఈ మాట నిజం కావాలని కాజాలమ్మ గంపెడాశ పెట్టుకుంది. ఇద్దరినీ చెరోవైపు పెట్టుకుని కూర్చున్నట్టు రోజుకు పదిసార్లు ఊహించుకుంది. ఆ ఊహలో పిట్ట ఎడమ చెయ్యి రెండో గుండీ మీద ఉండేది.

మగపిల్లవాడు పుట్టాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఆ మూడు రోజులూ పిట్ట అమ్మమ్మ దగ్గర ఇంట్లో ఉంది. తమ్ముణ్ణి చూడటానికి ఒకసారి వచ్చింది గానీ నాన్న భుజం దిగలేదు. మూడోరోజు పాలు పడ్డాయి. రొమ్ములు రాళ్ళలా బిగిసి, చొక్కా తాకితే చాలు నొప్పి పుట్టేలా ఉన్నాయి. నాలుగోరోజు పొద్దున ఇంటికి వచ్చి, కిటికీ పక్క మంచం మీద కూర్చుంది. పసివాడు తాగి నిద్రపోయాడు. అత్తగారు బడికి, భర్త లిఫ్టులకూ పోయారు. తల్లి వంటింట్లో ఉంది.

పిట్ట గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎర్ర కోటు తొడుక్కుని ఉంది. కాసేపు తమ్ముణ్ణి చూసింది, కాసేపు తల్లిని చూసింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ మంచం దాకా వచ్చి, మోకాలి మీద చెయ్యి వేసింది.

"అమ్మా," అంది. "గుండీ."

నాలుగు నెలలుగా వినని మాట. ఆమె ఏమీ అనుకునేలోపే ఒళ్ళు జవాబు చెప్పేసింది. రెండువైపులా పాలు చేపుకొచ్చి చొక్కా ముందుభాగమంతా తడిసిపోయింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. చొక్కా పక్కకు తీసి, ఒళ్ళో చోటు చేసి, రెండు చేతులూ చాపింది.

పిట్ట ఎక్కలేదు. గుప్పిట తెరిచి ముందుకు పెట్టింది. అరచేతిలో ఇత్తడి గుండీ ఉంది, వెనక తెగిన దారం పోగులతో సహా.

"ఊడింది," అంది. "కుట్టు."

వంటింటి గుమ్మంలోంచి కాజాలమ్మ తల్లి అదంతా చూసింది. ఈ మూడు రోజుల్లోనూ పిల్ల బిళ్ళ బిళ్ళ అంటుంటే, బిళ్ళ కాదమ్మా, గుండీ అనాలి అని ముచ్చటపడి నేర్పింది ఆవిడే. ఇంట్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉండేదని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ తడిసిన చొక్కా చూసింది, చాచిన చేతులు చూసింది. నేర్పిన మాట ఏం చేసిందో ఎవరూ చెప్పకుండానే ఆవిడకు తెలిసింది.

"ఎలా ఊడింది తల్లీ?" అని అడిగింది కాజాలమ్మ.

పిల్ల బదులు అమ్మమ్మ చెప్పింది. "కోటుతోనే పడుకుంటానంది. నిద్రపట్టేదాకా దాన్ని పట్టుకుని తిప్పుతూనే ఉంటుంది. నువ్వు చేసినట్టే."

కాజాలమ్మ కోటు వంక చూసింది. ఊడింది రెండో గుండీయే.

పిట్ట చూపు అప్పుడు తల్లి తెరిచిన చొక్కా మీద పడింది. కాసేపు దానివైపే చూసింది. గుర్తొచ్చిందో లేదో ఆ ముఖంలో కనబడలేదు. వేలు పెట్టి చూపిస్తూ, తెలియనివాళ్ళకు తెలియజెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"అది తమ్ముడి గుండీ. నాది ఇదీ."

ఎవరూ లాక్కోలేదు. అదే పంచేసింది, బుట్టలో ఎర్ర ముక్కలూ నల్ల ముక్కలూ వేరుచేసినట్టు. కాజాలమ్మ చేతులు దించుకుంది. ఒళ్ళంతా కాలిపోతున్నంత దిగులుగా ఉంది. అయినా పిల్ల ఎదురుగా గుప్పిట తెరిచి నిలబడి ఉంది, పని ఉందని వచ్చింది. అమ్మమ్మ సూదిపెట్టె తెచ్చి ఇచ్చింది.

పిట్ట కోటు విప్పనివ్వలేదు. అందుకని దాన్ని దగ్గరికి లాక్కుని, ఒంటి మీదే కుట్టవలసి వచ్చింది. సూది గుచ్చుకోకుండా ఎడమ చెయ్యి కోటు లోపల పెట్టి, పిల్ల గుండె కొట్టుకోవడం ఆ చేతికి తెలుస్తుండగా కుట్టింది. నుదుటి దగ్గర జుట్టు వాసన ముక్కుకు తగిలింది. పిట్ట కదలకుండా, ఊపిరి బిగబట్టి, మోకాళ్ళ మధ్య నిలబడింది. ఆ నిలబడినంత సేపూ అది ఆమెదే. పసివాడు ఒకసారి కదిలి మళ్ళీ పడుకున్నాడు.

మైనం పట్టించిన దారం మూడు వరసలు వేసి, అడుగున మెడలా చుట్టితే ఇత్తడి గుండీ కోటు చిరిగేదాకా ఊడదు. ఆ పని ఊళ్ళో కాజాలమ్మ చేసినట్టు ఇంకెవరూ చెయ్యరు. ఆమె మైనం ముట్టుకోలేదు. ఒక్క వరస వేసి, ముడి బిగించకుండా దారం తెంపింది. పిట్ట నాలిక బయటపెట్టి తనే గుండీ పెట్టుకుని, తోటకెళ్ళే రాణిలా వీధి గుమ్మంలోకి పోయింది.

కాజాలమ్మ తల్లి మంచం దగ్గరికి వచ్చి, తడిసిన చొక్కా మార్చుకోమని పొడి చొక్కా చేతికి ఇచ్చింది.

"వదులుగా కుట్టావే," అంది మెల్లిగా.

"తెలుసమ్మా."

ఆ దారం ఒక వారం ఆగుతుంది. మహా అయితే పది రోజులు.